బి.యస్సీ. చదివిన నేపాళ మాంత్రికుడు

మాంత్రికుడనగానే, రాక్షసుడనగానే మన తెలుగువాళ్ళ కళ్ళముందు నిలిచే రూపం ఒక్కటే. యస్.వి. రంగారావు గారిది. నేపాళ మాంత్రికుడు, ఘటోత్కచుడు, కీచకుడు, హిరణ్యకశిపుడు... ఇన్ని వేషాలు కట్టిన ఆ భారీ మనిషి బి.యస్సీ. పట్టభద్రుడని మన కాలేజీలో ఎంతమందికి తెలుసు? చేతిలో ఉన్న ఉద్యోగం వదిలి సినిమాకు పోయి, దెబ్బతిని, మళ్ళీ ఉద్యోగంలో చేరి, దాన్నీ వదిలేసిన మనిషి ఆయన. నటన గురించి అందరూ రాస్తారు గనుక ముందు ఈ ఉద్యోగాల సంగతి చెబుతాను.

సామర్ల వెంకట రంగారావు గారు 1918 జూలై 3న కృష్ణా జిల్లా నూజివీడులో పుట్టారు. తండ్రి ఎక్సైజు శాఖలో ఉద్యోగి. పిల్లవాడు మద్రాసులో నాయనమ్మ దగ్గర పెరిగాడు. స్కూల్లో ఉండగానే నాటకం అంటుకుంది. కాకినాడలో డిగ్రీ చదివే రోజుల్లో అక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బులో చేరి వేషాలు వేశారు. అంజలీదేవి, ఆదినారాయణరావు గార్లు కూడా ఆ క్లబ్బు నుంచి వచ్చినవాళ్ళే. పగలు లేబొరేటరీ, రాత్రి రిహార్సల్సు అన్నమాట. మన సైన్సు విద్యార్థులకి రికార్డులు రాసుకోవడానికే టైము చాలడం లేదు!

చదువయ్యాక అగ్నిమాపక శాఖలో ఆఫీసరు ఉద్యోగం వచ్చింది. బందరులోనూ, విజయనగరంలోనూ పనిచేశారు. సేద్యం చేసుకునే ఇళ్ళల్లో నెలజీతం విలువ ఏమిటో నాకు తెలుసు. వాన పడినా పడకపోయినా ఒకటో తారీఖుకి వచ్చే డబ్బు అది. దాన్ని వదిలేసి ఆయన 1947లో వచ్చిన ‘వరూధిని’లో ప్రవరాఖ్యుడుగా వేశారు. అంటే మొదటి సినిమాలోనే హీరో. ఆ సినిమా ఆడలేదు. ఆ తర్వాత కబురు పెట్టినవాళ్ళు లేరు. జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో ఉద్యోగానికి కుదురుకున్నారు. ఆ ఏడే పెళ్ళి కూడా అయింది.

ఎవరైనా అక్కడితో ఆగిపోతారు. ఆగితే తప్పు పట్టేవాళ్ళూ లేరు. కాని ‘పల్లెటూరి పిల్ల’లో వేషం ఉందని పిలుపు వచ్చేసరికి మళ్ళీ బయలుదేరారు. సరిగ్గా ఆ సమయానికే తండ్రి పోయారు. ఆ కార్యక్రమాలన్నీ ముగించుకుని మద్రాసు చేరేసరికి అనుకున్న వేషం కాస్తా ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఏదో చిన్న వేషం దక్కింది. వెనక్కి పోలేదు. 1950లో విజయా వారి ‘షావుకారు’లో సున్నం రంగడుగా కనిపించేసరికి జనం ఎవరీయన అని అడగడం మొదలుపెట్టారు. మరుసటి ఏడు, 1951లో, కె.వి. రెడ్డి గారు ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడి వేషం ఇచ్చారు. ఆ తర్వాత ఇంక ఉద్యోగం ఊసే లేదు.

ఆ మాంత్రికుణ్ణి ఒకసారి జాగ్రత్తగా చూడండి. గడ్డమూ, దుస్తులూ ఎవరికి తగిలించినా ఒకటే. తోటరాముణ్ణి బలికి ఒప్పించాలని తిరిగేటప్పుడు ఆ కళ్ళల్లో ఆశ ఉంటుంది చూడండి, అదీ నటనంటే. భయం వేస్తుంది, నవ్వూ వస్తుంది. దుష్టపాత్ర మీద జనానికి ఇష్టం కలగడం మామూలు విషయం కాదు.

ఇంకో విచిత్రం. ఎన్.టి. రామారావు గారు 1923లో పుట్టారు. ఇద్దరికీ తేడా గట్టిగా అయిదేళ్ళు. అయినా ఆయన కుర్ర హీరో, ఈయన పెద్దమనిషి. ‘మిస్సమ్మ’లో జమీందారుగా, సావిత్రికీ జమునకీ తండ్రిగా నటించేనాటికి, అంటే 1955లో, ఈయనకి నలభై కూడా నిండలేదు. అదే సంవత్సరం బి.ఎన్. రెడ్డి గారి ‘బంగారుపాప’లో కఠినుడైన కోటయ్యగా నటించారు. దిక్కులేని పసిపాప చేతికొచ్చాక ఆ మనిషి కరిగిపోవడం చూసి తీరాలి. నన్నడిగితే కిరీటం పెట్టుకుని గర్జించడం కన్నా, ‘మిస్సమ్మ’ జమీందారులాగా కండువా వేసుకుని ఇంట్లో మామూలుగా తిరగడమే కష్టం. ఆయన రెండూ చేశారు.

1957లో ‘మాయాబజార్’. ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారే ఘట్టంలో కొంతసేపు రంగారావు గారు తెరమీద ఉండరు, సావిత్రి ఉంటుంది. కాని ఆ అమ్మాయి నడక, చూపు, ధీమా అన్నీ ఘటోత్కచుడివే. అలా అనుకరించడానికి ఒక అచ్చు కావాలి కదా! ఆ అచ్చు పోసింది ఈయన. లడ్డూలు గాలిలో ఎగిరి నోట్లో పడే ఆ విందు సంగతి చిన్నపిల్లలకి కూడా తెలుసు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

1963లో ‘నర్తనశాల’లో కీచకుడయ్యారు. భీముడుగా వేసిన దండమూడి రాజగోపాల్ నిజంగా బరువులెత్తే వస్తాదు. అంతటివాడి ఎదురుగా నిలిచినా ఈయన తీసిపోలేదు. ఆ వేషానికి 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఇంత పేరు వచ్చినా పద్మ పురస్కారం మాత్రం ఆయనకు దక్కలేదు. 2013లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. అప్పటికి ఆయన పోయి ముప్పై తొమ్మిదేళ్ళు.

తమిళంలోనూ ఆయనకి అంత ఆదరణా ఉండేది. అక్కడ ‘పడిక్కాద మేధై’లో శివాజీ గణేశన్‌తో చేసిన పెద్దాయన వేషాన్నే 1962లో తెలుగు ‘ఆత్మబంధువు’లో రామారావు గారితో మళ్ళీ వేశారు. కథలు రాశారు. దర్శకుడై ‘చదరంగం’, ‘బాంధవ్యాలు’ తీశారు. రెండోదానికి 1968లో ఉత్తమ చిత్రంగా బంగారు నంది వచ్చింది.

1974 తొలి నెలల్లో గుండెపోటు వచ్చింది. అప్పటికి తేరుకున్నారు గాని, జూలై 18న మద్రాసులో కన్నుమూశారు. యాభై ఆరు నిండి సరిగ్గా పదిహేను రోజులు. ‘యశోదాకృష్ణ’ ఆయన పోయాక 1975లో విడుదలైంది. అందులో కంసుడు ఆయనే.