విజయనగరం విజ్జీ: ఆటగాడూ, ఆట సామగ్రీ

ప్రముఖుల జీవితచరిత్రలు రెండు విధాలుగా ఉపకరిస్తాయి. కొన్ని అనుసరించదగిన మార్గాన్ని చూపుతాయి. మరికొన్ని ఒక్క క్షణం ఆగి ఆలోచించమని హెచ్చరిస్తాయి. ఈ రెండు ప్రయోజనాలనూ ఒక్కచోట సమకూర్చగల జీవితం మన ఉత్తరాంధ్ర గడ్డపై పుట్టిన ఒక క్రీడాభిమానిది. లోకం ఆయనను విజ్జీ అని పిలిచింది. పూర్తి పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. కళాశాలల్లో ఆట సామగ్రి కొనుగోలు ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఏది మంచి బ్యాటు, ఎంత ఖరీదు పెట్టాలి, ముందుగా ఏది కొనాలి అని విద్యార్థులూ, అధ్యాపకులూ, కమిటీ సభ్యులూ తర్జనభర్జన పడడం సహజం. ప్రపంచంలో దొరికే శ్రేష్ఠమైన సామగ్రినంతా కొనగలిగిన వ్యక్తి జీవితం ఆ చర్చకు కొంత వెలుగునిస్తుందని తలచి ఈ వ్యాసానికి పూనుకున్నాము.

విజ్జీ 1905 డిసెంబరు 28న విజయనగర సంస్థానాధీశుల వంశంలో రెండవ కుమారుడుగా జన్మించారు. అజ్మీరులోని మేయో కళాశాలలోనూ, ఇంగ్లండులోని హెయిలీబరీ పాఠశాలలోనూ విద్యాభ్యాసం చేశారు. టెన్నిసులోనూ వేటలోనూ ఆయనకు మంచి నేర్పు ఉండేది. 1922లో తండ్రి మరణించారు. సంస్థానం అన్నగారైన అలక్ నారాయణ గజపతిరాజుకు సంక్రమించగా, విజ్జీ కాశీలో ఉన్న తమ కుటుంబ ఎస్టేటుకు తరలివెళ్ళారు. ఆ కారణంగానే ఆయన క్రికెట్ జీవితం విజయనగరం పేరును మోస్తూ గంగాతీరంలో వికసించింది.

1926లో ఆయన స్వంతంగా ఒక క్రికెట్ జట్టును ఏర్పరచుకొని, కాశీలోని తమ భవన ప్రాంగణంలోనే మైదానాన్ని సిద్ధం చేయించారు. ఆనాటికి ఆయన వయస్సు ఇరవై దాటింది. అంటే క్రికెట్టును వృత్తిగా కాక ఇష్టంగా చేపట్టిన వయోజనులలో ఆయన ఒకరు. సాయంకాలం విధులు ముగించుకొని మైదానానికి వచ్చే ఉద్యోగికీ ఆయనకూ సంపదలో ఎంతో అంతరం ఉన్నా, ఈ ఒక్క విషయంలో పోలిక కలదు.

1930-31లో ఇంగ్లండు జట్టు మన దేశానికి రావలసి ఉండగా, శాసనోల్లంఘన ఉద్యమం కారణంగా ఆ పర్యటన రద్దయింది. ఆ లోటును తీర్చడానికి విజ్జీ తానే ఒక జట్టును కూర్చి, భారతదేశంలోనూ సింహళంలోనూ పర్యటన ఏర్పాటు చేశారు. ఇంగ్లండు ప్రారంభ బ్యాటర్లలో జగద్విఖ్యాతి గాంచిన జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను అందుకోసం రప్పించారు. హాబ్స్ అప్పటికి 48 ఏళ్ళవాడు. ఆ వయస్సులోనూ ఆయన ఆట చూడడానికి జనం తరలివచ్చారంటే అది బ్యాటు మహిమ కాదు. బంతిని ఆలస్యంగా, నిదానంగా, శరీరానికి దగ్గరగా ఆడే అభ్యాసం ఫలితం అది.

ఆ కాలపు సామగ్రిని గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పుకోవాలి. విల్లో కలపతో చెక్కి, బెత్తపు పిడి అమర్చిన బ్యాట్లు నేటి వాటికన్నా తేలికగా ఉండేవి. కాళ్ళకు కట్టుకునే ప్యాడ్లలో బెత్తపు బద్దలూ దూదీ కూరేవారు. చేతి తొడుగులకు వేళ్ళ మీద రబ్బరు పట్టీలు ఉండేవి. తలకు టోపీ తప్ప మరే రక్షణా లేదు. బంతి మాత్రం నాడూ నేడూ ఒక్కటే: సుమారు 156 నుంచి 163 గ్రాముల బరువు గల గట్టి తోలు బంతి. కాలంతో మనిషి ఎముక గట్టిపడలేదు, బంతి మెత్తబడలేదు. మారినదల్లా వాటి మధ్య మనం ఉంచుకునే అడ్డు మాత్రమే.

ఈ సత్యాన్ని 1934 జనవరిలో కలకత్తా టెస్టు కళ్ళకు కట్టించింది. జార్డిన్ నాయకత్వాన వచ్చిన ఇంగ్లండు జట్టుపై తొలి టెస్టు ఆడుతున్న వికెట్ కీపర్ దిలావర్ హుస్సేన్, నికల్స్ వేసిన బంతి తలకు తగిలి మైదానం విడవవలసి వచ్చింది. ఆయన తిరిగివచ్చి ఆడి, రెండు ఇన్నింగ్సులలోనూ 59, 57 పరుగులు చేశాడు. ఆ ధైర్యానికి జోహారులు అర్పిస్తాము. కాని ధైర్యం కవచానికి ప్రత్యామ్నాయం కాదని కూడా విన్నవిస్తాము. ఆ పర్యటనలోనే కాశీలో విజ్జీ జట్టు ఇంగ్లండు వారిని 14 పరుగుల తేడాతో ఓడించింది. మన దేశంలో ఆ జట్టు చవిచూసిన ఏకైక పరాజయం అదే. విజ్జీ జీవితంలో నిస్సందేహంగా గర్వించదగిన ఘట్టం అది.

రక్షణ సామగ్రిని పిరికితనానికి గుర్తుగా భావించడం ఒక్క క్రికెట్టులోనే కాదు. శీతల దేశాలలో మంచుపై ఆడే హాకీలో గోల్‌కీపర్లు చిరకాలం ముసుగు లేకుండానే నిలబడ్డారు. 1959 నవంబరు 1న న్యూయార్కులో జాక్ ప్లాంట్ అనే గోల్‌కీపర్ ముఖానికి గాయమై కుట్లు పడగా, ముసుగు లేనిదే మైదానంలోకి రానని పట్టుబట్టాడు. ఆయన శిక్షకునికి అది రుచించలేదు. అయినా ఆయన పట్టుదల వల్ల ముసుగు క్రమంగా ఆచారమైంది. క్రికెట్టులో శిరస్త్రాణం 1970 దశకం చివరి భాగంలోగాని వ్యాప్తిలోకి రాలేదు. దాన్ని ధరించగలిగిన కాలంలో కూడా నిర్లక్ష్యం ప్రాణాంతకమవుతుందనడానికి మన టెస్టు ఆటగాడు రమణ్ లాంబా మరణమే సాక్ష్యం. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో ఒక క్లబ్ పోటీలో, శిరస్త్రాణం లేకుండా బ్యాటరుకు అతి సమీపంలో ఫీల్డింగు చేస్తుండగా బంతి తగిలి ఆయన అసువులు బాశారు. అది అంతర్జాతీయ పోటీ కాదు, క్లబ్ ఆట. కనుక ఇది సరదాగా ఆడే ఆటే కదా అన్న మాటను ఎవరూ తేలికగా అనరాదు. సామగ్రి విలువ కట్టేటప్పుడు మొదటి ప్రశ్న రక్షణ. తల, గజ్జ, వేళ్ళు, మోకాళ్ళు: వీటికి కవచం అమరిన తరువాతనే బ్యాటు గురించి ఆలోచించాలి.

ఇక విజ్జీ జీవితంలోని వివాదాస్పద ఘట్టానికి వద్దాము. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు ఆయన నాయకుడయ్యారు. సి.కె. నాయుడు వంటి అనుభవజ్ఞుడు జట్టులో ఉండగా ఈ ఎన్నిక జరగడం ఆటకన్నా పలుకుబడికి దక్కిన విజయమని చరిత్రకారులు భావిస్తారు. ఆయన వెంట 36 సామాన్లూ ఇద్దరు పరిచారకులూ వెళ్ళారని చెప్పుకుంటారు. మూడు టెస్టులలో ఆరు ఇన్నింగ్సులాడి ఆయన చేసినవి 33 పరుగులు, సగటు 8.25. రెండు టెస్టులలో మన జట్టు ఓడింది. ఒకటి డ్రాగా ముగిసింది. చక్కగా రాణిస్తున్న లాలా అమర్‌నాథ్‌ను తొలి టెస్టుకు ముందే క్రమశిక్షణ పేరుతో స్వదేశానికి పంపివేశారు. 1937లో బోమాంట్ కమిటీ ఈ వ్యవహారాన్ని విచారించి అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చింది. విజ్జీ నాయకత్వాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

అదే పర్యటనలో, మాంచెస్టరులో, మరొక దృశ్యం ఆవిష్కృతమైంది. 368 పరుగులు వెనుకబడి రెండవ ఇన్నింగ్సు ప్రారంభించిన మన జట్టుకు విజయ్ మర్చంట్, సయ్యద్ ముష్తాక్ అలీ తొలి వికెట్టుకు 203 పరుగులు జోడించి పరువు నిలిపారు. మర్చంట్ 114, ముష్తాక్ 112. విదేశీ గడ్డపై భారతీయుడు చేసిన తొలి టెస్టు శతకం ముష్తాక్‌దే. ఇండోరుకు చెందిన ఈ ముష్తాక్ చిన్నవయస్సులోనే విజ్జీ ఆదరణ పొందినవాడు. నాయకుని సామాన్లు ఎన్ని ఉన్నా ఆయన చేతి బ్యాటుకు పరుగులు రాలేదు. ఆయన చేరదీసిన యువకుని బ్యాటుకు మాత్రం పరుగులు వచ్చాయి. విజ్జీ జీవితంలోని సారమంతా ఈ ఒక్క పోలికలో ఇమిడి ఉన్నదని మా అభిప్రాయం.

దీని నుంచి రెండవ ప్రశ్న పుడుతుంది: సామగ్రి ఎవరి శరీరానికి? బ్యాటును పరీక్షించదలచినవారు దానిని పైచేతితో మాత్రమే పట్టుకొని మెల్లగా భుజం ఎత్తుకు లేపి చూడాలి. మణికట్టు వంగిపోతే ఆ బ్యాటు ఎంత పేరున్నదైనా వారికి బరువు. వారానికొకసారి ఆడే నడివయస్కునికి బరువైన బ్యాటు బలాన్నివ్వదు, భుజం నొప్పినిస్తుంది. ప్యాడు మధ్యనున్న మోకాటి భాగం సరిగ్గా మోకాలి చిప్పపై కూర్చోవాలి. పెద్దదైతే పరుగెత్తేటప్పుడు కాళ్ళకు అడ్డుపడుతుంది, చిన్నదైతే తొడ బయటపడుతుంది. తొడుగు వేళ్ళ కొసలు ఖాళీగా వేలాడరాదు. శిరస్త్రాణం పెట్టుకొని తల విదిలిస్తే కదలరాదు. దాని ముందంచుకూ ముఖాన ఉన్న కడ్డీలకూ మధ్య సందులో బంతి దూరరాదు. గట్టి దెబ్బ తిన్న శిరస్త్రాణం పైకి బాగున్నా మార్చవలసిందే. వీటిలో ఏ ఒక్కటీ ధర చీటీ చూసి తెలిసేది కాదు, ధరించి చూస్తేనే తెలుస్తుంది.

మూడవ ప్రశ్న మన్నిక, పోషణ. ఇంగ్లీషు విల్లో ప్రియమైనది, మెత్తనిది. కాశ్మీరు విల్లో కొంత బరువైనది, గట్టిది, చౌకైనది. పలువురు చేతులు మారే కళాశాల బ్యాటుకు రెండవదే తగును. కొత్త బ్యాటుకు పలుచగా అవిసె నూనె రాసి, పాత బంతితో ఓపికగా తట్టి సిద్ధం చేయాలి. తడిసిన ప్యాడ్లను సంచిలో కుక్కక నీడన ఆరబెట్టాలి. తోలు బంతికి బదులు టెన్నిసు బంతితో ఆడుకునేవారికి ఈ ఖర్చులో అధికభాగం అవసరమే లేదు. మీరట్, జలంధర్ పట్టణాలు నేడు ఈ పరిశ్రమకు కేంద్రాలు. 1947 విభజనలో సియాల్‌కోట్ విడిచివచ్చిన పనివారి చేతి నేర్పు జలంధరులో మళ్ళీ చిగిర్చింది. ఒక బ్యాటు వెనుక అంతటి మానవశ్రమ ఉన్నదని గుర్తిస్తే దానిని విసిరికొట్టడానికి చేతులు రావు.

విజ్జీ ఉత్తరార్ధ జీవితం పూర్వార్ధంకన్నా ప్రశాంతమైనది. 1936లో తనకు లభించిన సర్ బిరుదును ఆయన 1947లో వదులుకున్నారు. 1954 నుంచి 1957 వరకు భారత క్రికెట్ బోర్డుకు అధ్యక్షులుగా వ్యవహరించారు. 1958లో పద్మభూషణ్ పురస్కారం అందుకున్నారు. విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై తిరిగి మన ప్రాంతానికి ప్రతినిధి అయ్యారు. రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానం కూడా చేశారు. ఒకనాడు తాను పక్కకు నెట్టిన సి.కె. నాయుడును ఉత్తరప్రదేశ్ జట్టుకు ఆహ్వానించడంలో ఆయన పాత్ర ఉన్నది. 1956-57లో ఆ జట్టుకు నాయకుడుగా రంజీ ట్రోఫీ ఆడేనాటికి నాయుడు వయస్సు 61 ఏళ్ళు. పాత స్పర్ధ ఈ విధంగా మర్యాదగా ముగియడం ఇరువురికీ గౌరవమే. విజ్జీ 1965 డిసెంబరు 2న కాశీలో పరమపదించారు.

మన ప్రాంతం మరొక దృష్టాంతాన్ని కూడా ప్రసాదించింది. శ్రీకాకుళం సీమలోని వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయులుగా పనిచేసిన కోడి రామ్మూర్తి నాయుడు ఉక్కు గొలుసులు తెంచి కలియుగ భీముడనిపించుకున్నారు. ఆయనకు శరీరమే సామగ్రి. విజ్జీకి సామగ్రి అంతా ఉండి ఆటలో కొరత మిగిలింది. శ్రీకాకుళంలో రామ్మూర్తి పేరనూ, విజయనగరంలో విజ్జీ పేరనూ క్రీడాప్రాంగణాలు వెలసి ఉండడం ఈ రెండు పాఠాలనూ మనం మరువరాదని చెబుతున్నట్లున్నది. సాధన లేని సామగ్రి అలంకారం. సామగ్రి లేని సాధన కొన్ని ఆటలలో అపాయం.

విజ్జీ మరణానంతరం, 1966-67 నుంచి, విశ్వవిద్యాలయాల అంతర్ మండల క్రికెట్ పోటీలకు విజ్జీ ట్రోఫీ అని పేరు పెట్టారు. ఆయన చేసిన 33 పరుగులను లోకం నవ్వుతూ తలచుకుంటుంది. ఆయన పేరిట ఆడిన విద్యార్థులను మాత్రం గౌరవంగా తలచుకుంటుంది. తన కోసం కొనుక్కున్నవాటిలో ఏదీ ఆయన కీర్తిని నిలపలేదు. ఇతరుల కోసం ఏర్పరచిన మైదానం, రప్పించిన మేటి ఆటగాళ్ళు, ఆదరించిన యువకులు నిలిపారు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా మనవి చేస్తున్నాము. క్రీడానిధి పరిమితమైనప్పుడు ఒక ఖరీదైన బ్యాటుకన్నా రెండు మంచి శిరస్త్రాణాలు మేలు. ఒకే కొలతలో పది జతల ప్యాడ్లకన్నా మూడు కొలతలలో ఆరు జతలు మేలు. వీటన్నిటికన్నా సమతలమైన మైదానం మేలు. విద్యార్థి సోదర సోదరీమణులకు మా విన్నపం మరొకటి: అంగడిలో బ్యాటు మీది పేరు చదవడానికి ముందు మీ మణికట్టును అడగండి, మీ మోకాలిని అడగండి, మీతోపాటు ఆ సంచిని పంచుకునే తోటి ఆటగాణ్ణి అడగండి. వారి సమాధానం తరువాతనే ధర సంగతి.