కప్ప కాలు కదిలిన ఇంట్లో...

మణికట్టుకో పట్టీ కట్టుకుని బొటనవేలూ చూపుడువేలూ కలిపితే చాలు, కంప్యూటరు మన మాట వింటోంది. 2025లో మెటా కంపెనీ అలాంటి పట్టీని అమెరికాలో అమ్మకానికి కూడా పెట్టింది. వేలు కదిపినప్పుడు కండరాల్లో సన్నగా విద్యుత్తు పుడుతుంది. మహా అయితే వోల్టులో కొన్ని వేలవంతులు! పట్టీ దాన్ని చర్మం మీదే పసిగడుతుంది. దీని గురించి చదివినప్పుడల్లా నాకు ఇటలీలోని బొలోన్యా నగరం, లుయీజీ గాల్వానీ గుర్తొస్తారు. ఆయనకంటే ఎక్కువగా ఆయన భార్య లూచియా.

గాల్వానీ 1737లో పుట్టాడు. వైద్యం చదివాడు, తర్వాత ప్రసూతి శాస్త్రం కూడా బోధించాడు. 1762లో గురువు గలియాజ్జిగారి అమ్మాయి లూచియాను పెళ్లాడి మామగారింట్లోనే కాపురం పెట్టాడు. మన మాటల్లో ఇల్లరికమే లెండి! పిల్లలు లేరు. లూచియా ప్రయోగాల్లో ఓ చెయ్యి వేసేది, భర్త రాసిన వ్యాసాలు దిద్దేది.

1781 జనవరి. బల్లమీద కోసి పెట్టిన కప్ప. కాస్త దూరంలో విద్యుత్ యంత్రం. ఒకరు కత్తి మొనతో నరాన్ని తాకారు. చచ్చిన కప్ప కాళ్లు ఒక్కసారిగా ఎగిరిపడ్డాయి! సరిగ్గా అప్పుడే యంత్రంలో నిప్పురవ్వ లేచిందని కనిపెట్టింది అక్కడున్న మరొకరు. ఆ మరొకరి పేరు గాల్వానీ తన పుస్తకంలో రాయలేదు. లూచియాయే అని నమ్మేవాళ్లు చాలామంది. జబ్బుపడ్డ భార్యకి కప్పల సూపు చేయబోతుంటే ఇదంతా జరిగిందని ఇంకో కథ. నాకైతే ఈ కథంటే ఒళ్లు మంట. ఆ కప్పని కోసింది ప్రయోగం కోసం. ప్రయోగాల బల్ల దగ్గరున్న మనిషిని తీసుకెళ్లి మంచం మీద పడుకోబెట్టారన్నమాట! అదే ఊళ్లో 1732లోనే లారా బాస్సీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పింది, తెలుసా?

1786లో ఇత్తడి కొక్కేలకి గుచ్చిన కప్పకాళ్లు, ఇనుప కటకటాలకి ఆనించగానే రవ్వ లేకుండానే అదిరాయి. విద్యుత్తు జీవి ఒంట్లోనే ఉందన్నాడు గాల్వానీ. పుస్తకం రాకముందే లూచియా ఉబ్బసంతో పోయింది. పుస్తకం అచ్చయింది 1791లో.

అలెస్సాండ్రో వోల్టా ఒప్పుకోలేదు. రెండు లోహాల వల్లే విద్యుత్తు పుడుతోందన్నాడు. ఆ పట్టుదలలోంచే 1800లో బ్యాటరీ వచ్చింది. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. 1849లో జర్మనీలో డుబ్వా రేమండ్ చేతికి బొబ్బలు తెప్పించి, పైచర్మం తీసేసి మరీ మనిషి కండరంలోని విద్యుత్తుని కొలిచాడు. ఇప్పటి పట్టీకి ఆ బాధ లేదు.

ఇటలీ ఉత్తర భాగాన్ని నెపోలియన్ గెలిచాక, కొత్త ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చేయమన్నారు. గాల్వానీ ససేమిరా అన్నాడు. 1798లో ఉద్యోగం ఊడింది. తర్వాత తిరిగి ఇవ్వాలనుకున్నారు గానీ ఆయన ఆగలేదు, ఆ డిసెంబరు 4న కన్నుమూశాడు. లూచియా ఉన్న చర్చిలోనే ఆయన్నీ సమాధి చేశారు.