బడి ఉంటేగా ఎంచుకునేది!

మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆవిడకి ఇద్దరు పిల్లలు. చిన్నవాడు పసుపు రంగు బస్సెక్కి ప్రైవేటు స్కూలుకి వెళ్తాడు. వాడికంటే రెండేళ్ళు పెద్దదైన పిల్ల మాత్రం మా పేట గవర్నమెంటు బడికి నడిచి వెళ్తుంది. ఇద్దర్నీ ఒకే బడికి పంపొచ్చు కదా అన్నాను మొన్న. ఒక్కళ్ళకే ఫీజు కట్టగలమమ్మా, ఆడపిల్ల ఎలాగూ ఓ ఇంటికి పంపేదేగా అంది.

కోపం వచ్చింది కానీ నోరు పెగల్లేదు. ఎందుకంటే మా ఇంట్లోనూ అదే జరిగింది. అన్నయ్యని కాన్వెంటులో వేశారు, నన్ను మునిసిపల్ బడిలో వేశారు. మా నాన్నగారు చెడ్డవారేం కాదు. ఉన్న డబ్బు ఒక్కరికే సరిపోయింది. ఆ ఒక్కరూ ఎవరన్నది ఇంట్లో ఎవరూ చర్చించకుండానే తేలిపోయింది, అంతే!

ఇంటికొచ్చి కూర తరుగుతుంటే దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు గుర్తొచ్చారు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభలప్పుడు, టికెట్టు లేదని నెహ్రూగారినే గుమ్మంలో ఆపేసిన బాలికగా ఆవిడ మనందరికీ తెలుసు. కానీ బడి కోసం ఆవిడ పడ్డ పాట్లు అంతగా చెప్పుకోం.

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేసేశారు. పెద్దయ్యాక ఆ కాపురానికి వెళ్ళనని చెప్పేస్తే, పుట్టింటివాళ్ళు ఆవిడ పక్షానే నిలబడ్డారు. పన్నెండో ఏట బడి మానేశారు. చదువు రాక కాదు, ఇంగ్లీషులో చదవమని రుద్దడం నచ్చక! మానేసి ఊరుకోలేదు. తను హిందీ నేర్చుకుని, ఆడపిల్లలకి నేర్పడానికి బాలికా హిందీ పాఠశాల పెట్టారు. ఆ వయసు పిల్లని మనం పాలపాకెట్టుకి పంపడానికే ఆలోచిస్తాం. ఆవిడ పంతులమ్మ అయిపోయారు!

ఆ తర్వాత ఉప్పు సత్యాగ్రహం, జైలు. చదువు లేక, చట్టం తెలియక మగ్గుతున్న ఆడఖైదీలని అక్కడ చూశారు. బయటికొచ్చాక మళ్ళీ పుస్తకం పట్టారు. బెనారస్ మెట్రిక్కు ప్యాసయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్తే, ఆడపిల్లలకి హాస్టలు లేదు, చేర్చుకోవడం కష్టమన్నారు. ఆవిడ పత్రికలో ప్రకటన వేయించి, చదువుకోవాలనుకునే అమ్మాయిల్ని పోగుచేసి, హాస్టలు నడిచేట్టు చేసుకుని మరీ చేరారు. 1942లో మద్రాసులో లా పూర్తిచేశారు. ఏ ఇంగ్లీషు వద్దని బడి మానేశారో ఆ ఇంగ్లీషులోనే!

ఇందులో పొంతన లేదనిపిస్తుందా? నాకైతే అలా అనిపించదు. చిన్నప్పుడు ఎదురు తిరిగింది తన మాట అడక్కుండా రుద్దినందుకు. పెద్దయ్యాక చదివింది తనకి అవసరమై. ఈ తగువు ఇప్పటికీ తీరలేదు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బళ్ళన్నీ ఇంగ్లీషు మీడియం చేయాలని 2019లో ఉత్తర్వు వచ్చింది, 2020లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. కొందరు తల్లులు సంతోషించారు, కొందరు తల్లులు బాధపడ్డారు. ఇద్దరూ పిల్లల మంచే కోరారు.

దుర్గాబాయి గారు 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టారు. తెలుగు ఆడపిల్లల్ని బెనారస్ మెట్రిక్కుకి తయారుచేశారు. అంటే సర్కారు కోసం ఎదురుచూడకుండా సొంతంగా బడి నడిపి చూపించిన మనిషి. అలాంటావిడ, మా అంతట మేమే నడుపుకుంటాం, ప్రభుత్వం తప్పుకుంటే చాలు అని ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. కానీ ఆవిడ అలా అనలేదు.

1958లో కేంద్ర ప్రభుత్వం స్త్రీ విద్య మీద జాతీయ కమిటీ వేసి, ఆవిడని అధ్యక్షురాలిని చేసింది. 1959లో నివేదిక వచ్చింది. ఆడపిల్లల చదువుని ప్రత్యేక సమస్యగా తీసుకోవాలి, దానికి విడిగా డబ్బు కేటాయించాలి, మగపిల్లలకీ ఆడపిల్లలకీ మధ్య ఉన్న తేడా పూడ్చాలి అన్నారు. పల్లెల్లో పనిచేసే పంతులమ్మలకి ఉండడానికి ఇల్లు కావాలన్నారు. హాస్టలు లేక తిప్పలు పడ్డ మనిషికి కాక ఇంకెవరికి తడుతుంది ఆ సంగతి!

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకోటుంది. హైస్కూలు స్థాయిలో ఆడపిల్లలకి విడిగా బళ్ళు పెట్టమంటూనే, మగపిల్లల బడికి పంపుతామనే తల్లిదండ్రులకి ఆ స్వేచ్ఛ పూర్తిగా ఉండాలన్నారు. చూశారా... ముందు బడి పెట్టమన్నారు, దాని పక్కనే ఎంచుకునే స్వేచ్ఛ పెట్టారు. ఒకటి చూపించి రెండోది ఎగ్గొట్టలేదు.

ఇవాళ్టి చర్చంతా దీని చుట్టూనే తిరుగుతోంది కదా. డబ్బు తల్లి చేతికిస్తే నచ్చిన బడికి పంపుకుంటుంది అంటారు ఒకరు. ఆ డబ్బేదో సర్కారు బడికే పెడితే అందరికీ బాగుపడుతుంది అంటారు ఇంకొకరు. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బళ్ళలో 25 శాతం సీట్లు పేద పిల్లలకి ఇమ్మంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన అమ్మ ఒడి పథకం ఏ బడికి పంపినా తల్లి ఖాతాలో డబ్బు వేసింది. అయితే పిల్లలెందరున్నా తల్లికి ఒక్క మొత్తమే. 2025లో వచ్చిన తల్లికి వందనం పథకం ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ అంది.

తల్లి చేతికి డబ్బు రావడం మంచిదే, కాదనను. కానీ ఆ డబ్బు ఇంట్లోకి వచ్చాక మా నాన్నగారి లెక్కే జరిగితే? ఎంపిక ఇంటిది అవుతుంది, పిల్లది కాదు. ఎంపికలో మిగిలిపోయిన పిల్ల ఏ బడికి వెళ్తుందో, ఆ బడి బాగుండాలి. పన్నెండేళ్ళకే బడి వదిలి తన దారి తను వెతుక్కునే దుర్గాబాయిలు ఊరికొకరు పుడతారా? అందుకే కాబోలు, పుట్టని వాళ్ళ కోసం ఆవిడ అంత శ్రమపడ్డారు. ఆవిడ నడిపిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, చిన్నప్పుడు చదువు తప్పిపోయిన ఆడవాళ్ళకి తక్కువ కాలంలో పరీక్షకి తయారుచేసే కోర్సులు పెట్టింది. 1981 మే 9న ఆవిడ కన్నుమూశారు.

విద్యాహక్కు చట్టంలోనే ఇంకో మాటుంది. సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్ళుండాలి. ఈ సంగతి నిన్న బట్టలు తెచ్చుకోబోతూ ఇస్త్రీ బండి ఆవిడకి చెప్పాను. నాకేం తెలుసమ్మా, అక్కడికొచ్చి ఏం మాట్లాడతాను అంది. బొగ్గులు ఎగదోస్తూ కాసేపు ఊరుకుంది. తర్వాత, మా పిల్లకి లెక్కల టీచరు లేరంట, అది అడగొచ్చా అంది.

అడగొచ్చు. ఈసారి మీటింగుకి నేనూ తోడొస్తానని చెప్పి వచ్చాను.