పల్నాటి పుస్తకప్రియుడు జాషువ

పాఠ్యగ్రంథాలలో గుఱ్ఱం జాషువ గారి పరిచయం సాధారణంగా బిరుదులతో మొదలై సన్మానాలతో ముగుస్తుంది. కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి మొదలైన వాటిని విద్యార్థులు కంఠస్థం చేసి పరీక్షలో వ్రాస్తారు. ఆ బిరుదుల వెనుక జీతపురాళ్ళతో సంసారాన్ని ఈదిన ఒక బడిపంతులు ఉన్నాడన్న సంగతి మరుగున పడుతున్నది. నా దృష్టిలో ముందుగా తెలుసుకోవలసింది ఆ పంతులునే.

ఆయన 1895 సెప్టెంబరు 28న వినుకొండలో వీరయ్య, లింగమ్మ దంపతులకు జన్మించారు. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు మన గురజాలతో పాటు ఆ వినుకొండ కూడా ఇందులోకే వచ్చింది. తల్లిదండ్రులవి వేర్వేరు కులాలు. తల్లి కులాన్ని బట్టి లోకం ఆయనను అంటరానివానిగానే చూచింది. 1910లో మరియమ్మ గారితో వివాహమైంది. మిషన్ పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతం. ఆ కొలువూ పోవడంతో రాజమహేంద్రవరం చేరి, 1915-16 ప్రాంతంలో మూకీ సినిమాలకు వాచకుడుగా పనిచేశారు. తెరమీద మాటలేని బొమ్మలు కదులుతుంటే, ప్రక్కన నిలబడి కథనూ సంభాషణలనూ ప్రేక్షకులకు వినిపించడమే ఆ పని. మహాకవి కంఠానికి అది తొలి సాధన అయిందేమో!

తరువాత గుంటూరులో లూథరన్ సంఘంవారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేండ్లు, 1928 నుండి 1942 వరకు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేశారు. పగలు పాఠాలు చెప్పుకుంటూనే విద్యార్జన సాగించి, ఉభయ భాషాప్రవీణ పట్టం పొందారు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి వద్ద మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. ఆనాటి సమాజంలో అటువంటి శిష్యునికి సంస్కృతం చెప్పడానికి గురువుకూ గుండెధైర్యం కావలసి ఉండేది. ఆ చదువు వృథా కాలేదు. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపితే, 1941 నాటి ‘గబ్బిలం’లో అస్పృశ్యుడు గబ్బిలాన్ని శివుని వద్దకు దూతగా పంపాడు. తనకు ప్రవేశంలేని ఆలయంలో ఆ ప్రాణి స్వేచ్ఛగా తిరుగుతుంది కదా!

మన ఉర్దూ శాఖ విద్యార్థులకు ఫిరదౌసి పేరు క్రొత్తది కాదు. షానామా వ్రాసినందుకు గజనీ మహమ్మదు బంగారం ఇస్తానని వెండి ఇచ్చాడనీ, తప్పు తెలుసుకొని పంపిన బంగారం కవి శవయాత్ర వేళకు చేరిందనీ, కుమార్తె దానిని తిరస్కరించిందనీ గాథ. జాషువ గారు 1932లో దానిని కావ్యంగా మలిచారు. పారశీక కవి వేదన తెలుగులో అంత సహజంగా పలకడానికి కారణం పాండిత్యమొక్కటే కాదని నా నమ్మకం. చేసిన కష్టానికి తగిన కూలి రాని గృహస్థుని బాధ ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. 1943లో ‘ముంతాజ్ మహలు’ వ్రాశారు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను చూచిన పల్లెజనానికైతే ఆయన శ్మశానవాటి పద్యాలు పేరు తెలియకుండానే నోటికి వచ్చు.

గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి. 1957-59లో మద్రాసు ఆకాశవాణిలో ఉద్యోగం, 1964లో శాసనమండలి సభ్యత్వం, ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారంతటి వారు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

కుమార్తె హేమలత గారిని 1960లో గోరా గారి కుమారుడు లవణం గారికిచ్చి వివాహం చేశారు. అది కులాంతర వివాహమే. ఆ తల్లి స్టూవర్టుపురంలో నేరస్థులన్న ముద్రపడిన కుటుంబాల మధ్య, తెలంగాణలో జోగినుల మధ్య దశాబ్దాలపాటు పనిచేసి 2008లో మరణించారు. తండ్రిని గురించి ఆమె వ్రాసిన పుస్తకం పేరులో కవి అన్న మాట లేదు. దాని పేరు ‘మా నాన్నగారు’.