కాగితం మీద కంప్యూటర్ కట్టిన అలన్ ట్యూరింగ్

డిగ్రీ మొదటి సంవత్సరంలో మా ల్యాబ్‌లో ముగ్గురికి ఒక సిస్టమ్ ఉండేది. నా వంతు వచ్చేలోగా బెల్లు కొట్టేవారు. అందుకని ప్రోగ్రామును నోట్‌బుక్‌లో రాసుకుని, రాత్రి హాస్టల్ వరండాలో కూర్చుని, కంప్యూటర్ ఏం చేస్తుందో అదే నేనూ చేసేవాణ్ణి. ఒక్కొక్క లైను చదవడం, ఏ గడిలో ఏ విలువ ఉందో పెన్సిల్‌తో రాయడం, మారితే కొట్టేసి మళ్లీ రాయడం. దీన్ని డ్రై రన్ అంటారని కంప్యూటర్ కోర్సుల్లో చేరిన మన మిత్రులకు తెలుసు. కంప్యూటర్ లేనివాడి తిప్పలు ఇవి అని లోలోపల చిన్నతనంగా ఉండేది. పి.జి.లో చేరాక అలన్ ట్యూరింగ్ గురించి చదివాను. ప్రపంచంలో కంప్యూటర్ అనేది లేని రోజుల్లో ఆయన దాన్ని కట్టింది కూడా కాగితం మీదేనని తెలిసి ఆ చిన్నతనం పోయింది. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు ఆయన జీవితమే రాయాలనిపించింది.

అలన్ మాథిసన్ ట్యూరింగ్ 1912 జూన్ 23న లండన్‌లో జన్మించారు. తండ్రి జూలియస్ ట్యూరింగ్ ఇండియన్ సివిల్ సర్వీసు అధికారి. ఆయన ఉద్యోగం మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కలిసి ఉన్న ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలో. అలన్ పుట్టక ముందు ఆ దంపతులు గంజాం జిల్లా ఛత్రపురంలో కాపురం ఉన్నారు. మన ఇచ్ఛాపురం దాటి రైల్లో పోతే బరంపురం తరువాత వచ్చే ఊరే అది. తల్లి ఎథెల్ సారా తండ్రి మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజనీరు. కాన్పు కోసం ఇంగ్లండు వెళ్లారు గనుక అలన్ అక్కడ పుట్టారు గానీ, లేకుంటే మన పక్కజిల్లాలోనే పుట్టేవారేమో!

ఇండియా వాతావరణం పిల్లలకు పడదని, ఏడాది దాటిన కొద్ది నెలలకే అలన్‌ను, అన్న జాన్‌ను ఇంగ్లండులో ఒక రిటైర్డు కల్నల్ దంపతుల ఇంట్లో వదిలి తల్లి కూడా ఇండియా వచ్చేశారు. తండ్రి సెలవు మీద వచ్చినప్పుడే చూడటం. తరువాత బోర్డింగ్ స్కూళ్లు. మనలో చాలామంది మూడో తరగతికో ఐదో తరగతికో పెట్టె పట్టుకుని హాస్టల్ గేటు దాటినవాళ్లమే. కలెక్టర్ల సాటి అధికారి కొడుకుకూ, మనకూ పోలికేమిటని అనవచ్చు. డబ్బులో పోలిక లేదు. సెలవులు అయిపోయే రోజు సాయంత్రం మాత్రం ఎవరికైనా ఒకటే.

1926లో షెర్బోర్న్ స్కూల్లో చేరాల్సిన రోజుకు దేశమంతటా సమ్మె. రైళ్లు లేవు. 13 ఏళ్ల అలన్ సౌతాంప్టన్ రేవులో దిగి, సైకిలెక్కి, దారిలో ఒక సత్రంలో రాత్రి పడుకుని, సుమారు 60 మైళ్లు తొక్కి స్కూలుకు చేరుకున్నారు. ఇంత పట్టుదల గల పిల్లవాడిని ఆ స్కూలు మెచ్చుకోలేదు. చేతిరాత అధ్వానం, సిరా మరకలు, లాటిన్‌లో వెనకబాటు. సైన్సు తప్ప మరేదీ పట్టని వాడికి ఇక్కడ కాలం వృథా అన్న భావంతో హెడ్మాస్టరు ఇంటికి రాశారు. అక్కడ ఆయన్ను అర్థం చేసుకున్న ఒకే ఒక్క స్నేహితుడు క్రిస్టఫర్ మోర్కమ్. ఇద్దరూ కలిసి నక్షత్రాలు, రసాయనాలు, లెక్కలు అని గంటలు గంటలు మాట్లాడుకునేవారు. 1930 ఫిబ్రవరిలో క్రిస్టఫర్ క్షయతో చనిపోయాడు. మనిషి పోయాక అతని మనసు ఏమవుతుంది, మనసు అనేది యంత్రమా కాదా అన్న ప్రశ్న ట్యూరింగ్‌ను జీవితాంతం వదలకపోవడానికి ఈ మరణమే మూలమని చరిత్రకారులు భావిస్తారు.

1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో చేరి, 1934లో ప్రథమ శ్రేణిలో డిగ్రీ పొంది, మరుసటి ఏడే 22 ఏళ్లకు ఆ కాలేజీ ఫెలో అయ్యారు. 1935లో మాక్స్ న్యూమన్ అనే అధ్యాపకుని పాఠాల్లో ఆయన ఒక ప్రశ్న విన్నారు. ఏదైనా ఒక గణిత వాక్యం ఇస్తే అది రుజువు చేయదగినదా కాదా అని, బుర్ర ఉపయోగించకుండా, యాంత్రికంగా తేల్చి చెప్పే పద్ధతి ఒకటి ఉందా? జర్మన్ గణిత శాస్త్రవేత్త హిల్బర్ట్ వేసిన ప్రశ్న ఇది. అందరూ గణితం వైపు నుంచి ఆలోచిస్తుంటే ట్యూరింగ్ మాత్రం యాంత్రికంగా చేయడం అంటే ఏమిటి అని ఆలోచించారు.

ఆ రోజుల్లో ఇంగ్లీషులో కంప్యూటర్ అంటే యంత్రం కాదు, ఆఫీసులో కూర్చుని కాగితం మీద లెక్కలు వేసే మనిషి. ఆ మనిషి నిజానికి ఏం చేస్తున్నాడు? గళ్ల కాగితం మీద ఒక గడి చూస్తాడు. అందులో గుర్తును చదువుతాడు. తన మనసులో ఉన్న స్థితిని బట్టి ఆ గుర్తును చెరిపి ఇంకొకటి రాస్తాడు, లేదా పక్క గడికి జరుగుతాడు. అంతే. ఎంత పెద్ద లెక్క అయినా ఇంతకు మించి లేదు. కాబట్టి గడులున్న ఒక పొడవాటి పట్టీ, దాన్ని ఒక్కో గడి చొప్పున చదివే తల, ఏ స్థితిలో ఏ గుర్తు కనబడితే ఏం చేయాలో చెప్పే పట్టిక, ఈ మూడూ ఉంటే ఆ మనిషి పని యంత్రం చేస్తుంది. ఇదే ట్యూరింగ్ యంత్రం.

అసలు గొప్పతనం దీని తరువాతి మెట్టులో ఉంది. కూడికకు ఒక యంత్రం, గుణకారానికి ఒక యంత్రం అని విడివిడిగా ఎన్ని కట్టాలి? పులిహోర ఒక్కటే వచ్చిన వంటమనిషి ఒకరు, సాంబారు ఒక్కటే వచ్చిన వంటమనిషి ఇంకొకరు అయితే మన మెస్‌కు ఎంతమంది కావాలి! ఏ వంట రాసి ఇచ్చినా చదువుకుని వండగలిగేవాడు ఒక్కడుంటే చాలు. అలాగే ఏ యంత్రం పట్టికనైనా గుర్తుల రూపంలో పట్టీ మీద రాసిపెడితే, దాన్ని చదివి, అచ్చం ఆ యంత్రంలాగే నడిచే ఒక యంత్రాన్ని ట్యూరింగ్ కాగితం మీద నిర్మించి చూపారు. దీన్నే సార్వత్రిక యంత్రం అన్నారు. యంత్రాన్ని వర్ణించే మాటలు కూడా యంత్రం నమిలే గుర్తులే అన్నమాట. హిల్బర్ట్ ప్రశ్నకు అలాంటి పద్ధతి లేదని కూడా దీని సాయంతోనే తేల్చారు. ఈ వ్యాసం 1936లో వెలువడటం మొదలైంది. ఆలోచన పుట్టేనాటికి ఆయన వయసు 23. నా వయసూ ఇప్పుడు అంతే, కాని ఆ సంగతి పొడిగించకపోవడమే మంచిది.

ఇక్కడ కాసేపు ఆగి ఈనాటి సంగతి చెప్పాలి. మా ల్యాబ్‌లో విండోస్ నడుస్తున్న కంప్యూటర్‌లో ఒక కిటికీలాగా తెరుచుకుని లినక్స్ నడవడం మొదటిసారి చూసినప్పుడు నాకు వింతగా ఉండింది. దీన్ని వర్చువలైజేషన్ అంటారు. మా నాన్న బేల్దారి మేస్త్రి. ఆయనకు చెబితే ఒక్క మాటలో తేల్చేశారు, ఒకే ఇంటిని వాటాలు చేసి అద్దెకివ్వడం వంటిదని. ఏ వాటాలో ఉన్నవాళ్లకు ఆ వాటా తలుపు, వంటగది వేరు, అది తమ ఇల్లే అనుకుంటారు. ఎవరికి ఎంత నీరు, ఎంత కరెంటు అని చూసుకునే ఇంటి యజమాని వంటి ప్రోగ్రామును హైపర్‌వైజర్ అంటారు. ఐ.బి.ఎం. కంపెనీ 1960లలోనే పెద్ద కంప్యూటర్ల మీద దీన్ని సాధించి, 1972లో వి.ఎం./370 పేరుతో ప్రకటించింది. మామూలు పి.సి.లకు వి.ఎం.వేర్ 1999లో తెచ్చింది. ఈనాటి క్లౌడ్ అంతా ఈ వాటాల వ్యాపారమే.

దీనికి ఇద్దరు అన్నదమ్ములున్నారు. ఒక వస్తువు బయటికి ఎలా ప్రవర్తిస్తుందో అంతవరకు మాత్రమే నమూనా కట్టి చూడటం సిమ్యులేషన్. ఒక యంత్రం లోపలి పని కూడా అనుకరించి, దాని కోసం రాసిన అసలు ప్రోగ్రామునే మార్చకుండా నడిపించడం ఎమ్యులేషన్. నెట్‌వర్క్ చదివే మిత్రులకు తేడా సులువుగా తెలుస్తుంది. సిస్కో వారి ప్యాకెట్ ట్రేసర్‌లో రౌటర్ ఉన్నట్టు కనిపిస్తుంది, ఆజ్ఞలిస్తే బదులిస్తుంది, కాని అది నమూనా మాత్రమే. జి.ఎన్.ఎస్.3లో అయితే రౌటర్ యంత్రాన్ని అనుకరించి, దాని అసలు సాఫ్ట్‌వేరునే అందులో నడపవచ్చు. వేలు, లక్షలు పోసి రౌటర్లు కొనలేని నావంటి వాళ్లు నాలుగు రౌటర్ల నెట్‌వర్క్‌ను ఒక పాత కంప్యూటర్‌లో కట్టి నేర్చుకోగలుగుతున్నారంటే, ఒక యంత్రం ఇంకొక యంత్రంగా మారగలదన్న ఆ 1936 నాటి ఊహే ఆధారం. అయితే ఉచితంగా ఏదీ రాదు. అనుకరించే యంత్రం అసలు యంత్రం కంటే నెమ్మదిగా నడవడం మామూలే. మా ల్యాబ్ సిస్టమ్‌లో మూడో వర్చువల్ మెషిన్ తెరిస్తే మౌసు కూడా కదలదు.

మళ్లీ ట్యూరింగ్ దగ్గరికి వద్దాం. 1938లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పిహెచ్.డి. పూర్తి చేసి స్వదేశం వచ్చారు. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే బ్లెచ్లీ పార్క్‌లోని రహస్య సంకేతాల కేంద్రంలో చేరారు. జర్మన్లు ఎనిగ్మా అనే యంత్రంతో సందేశాలను తారుమారు చేసి పంపేవారు. దాన్ని అమర్చగల పద్ధతులు 159 పక్కన 18 సున్నాలు పెడితే ఎంతో దాదాపు అన్ని. పోలెండ్ గణితవేత్తలు రెయెవ్‌స్కీ మొదలైనవారు అప్పటికే దాని గుట్టు చాలావరకు విప్పి, 1939 జూలైలో బ్రిటిష్ వారికి అందజేశారు. ట్యూరింగ్ కథ చెప్పేటప్పుడు వీళ్లను మరచిపోవడం అన్యాయం.

ట్యూరింగ్ రూపొందించిన బాంబ్ అనే యంత్రం ఎనిగ్మాను ఎనిగ్మాలతోనే ఓడించింది. ఒక్కో బాంబ్‌లో 36 ఎనిగ్మాలకు సమానమైన చక్రాల వరుసలు తిరుగుతుండేవి. సందేశంలో ఫలానా మాట ఉండి ఉంటుందని ఊహించి, ఆ ఊహకు పొసగని అమరికలన్నిటినీ అది కొట్టేస్తూ పోయేది. మిగిలిన కొద్దిపాటి అమరికలను మనుషులు చూసుకునేవారు. శత్రువు యంత్రాన్ని అనుకరించే యంత్రం! మొదటిది 1940 మార్చిలో వచ్చింది, గోర్డన్ వెల్చ్‌మన్ దానికి మెరుగులు దిద్దారు. యుద్ధం ముగిసేనాటికి అలాంటివి రెండు వందల దాకా ఉన్నాయి. పనికి గుమాస్తాలు చాలడం లేదని 1941లో ట్యూరింగ్, మరో ముగ్గురు పైఅధికారులను దాటి నేరుగా ప్రధాని చర్చిల్‌కే ఉత్తరం రాశారు. అడిగినవన్నీ వెంటనే ఇవ్వమని ఆయన ఆదేశించారు. ఇదంతా 1970ల దాకా రహస్యంగానే ఉండిపోయింది. ఈయన యుద్ధంలో ఏం చేశాడో పక్కింటివాళ్లకు కూడా తెలియదు.

యుద్ధం తరువాత నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో ఏస్ అనే కంప్యూటర్‌కు నమూనా రాశారు. వీలైనంత తక్కువ సామాను పెట్టి, మిగతాదంతా ఆజ్ఞలతో చేయించాలన్నది ఆయన పట్టు. పని సాగక విసిగి 1948లో మాంచెస్టర్ వెళ్లిపోయారు. ఆ దిగులుకు మందులా పరుగెత్తేవారు. 1947లో మారథాన్‌ను 2 గంటల 46 నిమిషాల 3 సెకన్లలో పూర్తి చేశారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం 1952 నాటిది. మిత్రుడు ఛాంపర్‌నౌన్‌తో కలిసి ఆయన చదరంగం ఆడే ప్రోగ్రామును తయారు చేశారు. దాన్ని నడపగల కంప్యూటర్ లేదు. అందుకని ఆలిక్ గ్లెనీ అనే సహోద్యోగిని ఎదురుగా కూర్చోబెట్టి, తానే కంప్యూటర్‌గా మారి, నియమాల ప్రకారం కాగితం మీద లెక్క వేస్తూ ఆడారు. ఒక్కో ఎత్తుకు సుమారు అరగంట. 29 ఎత్తుల్లో ప్రోగ్రాము ఓడిపోయింది. నియమం తప్పు ఎత్తు వేయమంటే, తప్పని తెలిసీ ఆ ఎత్తే వేయాలి కదా! డ్రై రన్ చేసినవాళ్లకు ఆ బాధ తెలుస్తుంది. అదే ఏడాది జంతువుల ఒంటి మీద మచ్చలు, చారలు ఎలా ఏర్పడతాయో రెండు రసాయనాల వ్యాప్తితో వివరించి, మాంచెస్టర్ కంప్యూటర్ మీద లెక్కకట్టించారు. జీవశాస్త్రంలో కంప్యూటర్ సిమ్యులేషన్‌కు అది తొలి అడుగుల్లో ఒకటి.

ఇక మిగిలింది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. సంపాదక మిత్రుడొకరు వదిలేస్తే మంచిదన్నాడు. వదిలేస్తే ఇది ట్యూరింగ్ జీవితం కాదు. ఆయన స్వలింగ ప్రేమికుడు. 1952 జనవరిలో ఇంట్లో దొంగలు పడితే పోలీసులకు చెప్పారు. విచారణలో ఒక యువకునితో తన సంబంధాన్ని దాచకుండా ఒప్పుకున్నారు. దొంగతనం పక్కకుపోయి ఆయన మీదే కేసు పడింది. 1885 నాటి చట్టం కింద నేరస్థుడని తేల్చి, జైలుకు బదులుగా ఏడాదిపాటు స్త్రీ హార్మోన్ తీసుకోవాలన్నారు. దేశ రహస్యాలను కాపాడిన మనిషికి రహస్య పనుల అనుమతి రద్దయింది. పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టడం ఎలా ఉంటుందో మన హాస్టల్ పిల్లలకు ఒకరు చెప్పనక్కర్లేదు. మన దేశంలోనూ ఆ పాలకులే 1860లో రాసిపెట్టిన 377వ సెక్షన్ ఉండేది. ఇష్టపూర్వకమైన సంబంధాలకు అది వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది.

1954 జూన్ 7న ట్యూరింగ్ మరణించారు. మరునాడు పనిమనిషి వచ్చి చూసింది. సయనైడ్ విషం అన్నారు. మంచం పక్కన సగం కొరికిన ఆపిల్ ఉంది, దాన్ని ఎవరూ పరీక్షించలేదు. విచారణాధికారి ఆత్మహత్య అని రాశారు. ఇంట్లో రసాయనాలతో ప్రయోగాలు చేసేటప్పుడు జరిగిన ప్రమాదమని తల్లి చివరిదాకా నమ్మారు. అప్పటికి ఆయనకు 42 ఏళ్లు కూడా నిండలేదు.

2009లో బ్రిటిష్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. 2013 డిసెంబరులో రాణి క్షమాభిక్ష ఇచ్చారు. ఆయన చేసిన నేరమేమిటో, క్షమించడమేమిటో నాకు అర్థం కాలేదు. 2021 జూన్ 23న, ఆయన పుట్టినరోజున, ఇంగ్లండు బ్యాంకు ఆయన బొమ్మతో 50 పౌండ్ల నోటు విడుదల చేసింది. ఆ నోటు మీద ఆయన పుట్టిన తేదీని సున్నాలు, ఒకట్లతో ఒక పట్టీ మీద అచ్చువేశారు. దానితోపాటు 1936 వ్యాసంలోని పట్టిక కూడా ఉంది, కంప్యూటర్ లేని రోజుల్లో ఆ కుర్రవాడు కాగితం మీద గీసుకున్నదే.