మోక్షగుండం విశ్వేశ్వరయ్య

మోక్షగుండం విశ్వేశ్వరయ్య భారతదేశపు సుప్రసిద్ధ ఇంజనీరు, మైసూరు సంస్థానానికి దివాను, భారతరత్న పురస్కార గ్రహీత. కృష్ణరాజసాగర్ ఆనకట్ట నిర్మాతగా, మూసీ వరదల నుండి హైదరాబాదును రక్షించే పథకాన్ని రూపొందించిన నిపుణుడిగా ఈయన అందరికీ తెలుసు. పట్టణాలకు మంచినీరు అందించడంలో ఈయన చేసిన కృషి అంతగా ప్రచారంలోకి రాలేదు. సింధు నది బురదనీటిని తేటపరచడం మొదలుకొని, ఉప్పునీరు తప్ప మరేదీ సులభంగా దొరకని ఏడెన్ రేవుకు మంచినీటి మార్గం చూపడం వరకు ఈ కృషి సాగింది.

బాల్యం, విద్యాభ్యాసం

విశ్వేశ్వరయ్య సెప్టెంబరు 15, 1861న (కొన్ని గ్రంథాలలో 1860 అని ఉంది) నందికొండల సమీపంలోని ముద్దేనహళ్ళి గ్రామంలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించాడు. తండ్రి శ్రీనివాసశాస్త్రి, తల్లి వెంకటలక్ష్మమ్మ. వీరి పూర్వీకులు మోక్షగుండం నుండి వలస వచ్చినవారు. ఇంటిపేరు ఆ ఊరి పేరే.

చిక్కబళ్ళాపురంలో ప్రాథమిక విద్య పూర్తిచేసాడు. చిన్నతనంలోనే తండ్రి మరణించడంతో బెంగుళూరులోని మేనమామ ఆదరణలో, పిల్లలకు పాఠాలు చెప్పి సంపాదించుకుంటూ చదువు సాగించాడు. 1881లో సెంట్రల్ కాలేజీ నుండి బి.ఏ. పట్టా పొందాడు. ఆ తరువాత మైసూరు ప్రభుత్వ సహాయంతో పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు చదివి 1883లో ఉత్తీర్ణుడయ్యాడు. 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరాడు.

సుక్కూరు నీటి పథకం

అప్పట్లో సింధు ప్రాంతం బొంబాయి ప్రెసిడెన్సీలో భాగంగా ఉండేది. 1894లో అక్కడి సుక్కూరు పట్టణానికి (ప్రస్తుతం పాకిస్తాన్‌లో ఉంది) నీటి సరఫరా ఏర్పాటుచేసే పని విశ్వేశ్వరయ్యకు అప్పగించారు. సింధు నదిలో నీటికి కొదవ లేదు కాని, ఆ నీరు ఒండ్రుతో, ఇసుకతో నిండి ఉండేది. దానిని తేర్చడానికి పెద్ద వడపోత తొట్లు కట్టించే స్తోమత ఆ పురపాలక సంఘానికి లేదు.

నది అడుగున ఉన్న ఇసుకనే వడపోత యంత్రంగా వాడుకోవచ్చునని ఈయన గ్రహించాడు. ఇసుక గుండా ఊరి వచ్చే నీటిని బావిలోకి చేర్చి, అక్కడి నుండి యంత్రాలతో కొండమీది తొట్టికి ఎక్కించే ఏర్పాటు చేసాడు. ఎండిన ఏటిలో చెలమ తవ్వి తేటనీరు తోడుకోవడం మన పల్లెలలో తరతరాలుగా ఉన్నదే. సుక్కూరు పథకం ఆ సూత్రాన్నే ఒక పట్టణ అవసరానికి సరిపడేలా విస్తరించింది.

తరువాత పూనా ప్రాంతంలో పనిచేస్తూ జలాశయాలలో వరదనీటిని నిలిపి, అవసరమైనప్పుడు తమంతట తామే తెరుచుకునే తలుపులను రూపొందించాడు. వీటిని 1903లో ఖడక్‌వాస్లా జలాశయంలో అమర్చారు.

ఏడెన్ - ఉప్పునీటి సమస్య

అరేబియా ద్వీపకల్పపు దక్షిణ తీరంలోని ఏడెన్ రేవు అప్పట్లో బొంబాయి ప్రభుత్వ పాలనలో ఉండేది. నౌకలకు, సైన్యానికి అది ముఖ్యమైన స్థావరం. అక్కడ వాన అరుదు, బావులలో చాలావరకు ఉప్పు. సముద్రపు నీటిని కాచి, ఆవిరిని చల్లార్చి మంచినీరు తయారుచేసే యంత్రాలు అక్కడ 19వ శతాబ్దంలోనే ఉన్నాయి. కాని నీటిని ఆవిరిగా మార్చాలంటే చాలా ఇంధనం కావాలి. బొగ్గును ఓడలలో తెచ్చుకోవలసిన చోట ఆ నీరు ఖరీదైనదిగా ఉండేది.

1906లో నీటి సరఫరా, మురుగు పారుదల సమస్యలను పరిశీలించడానికి ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను ఏడెన్‌కు పంపింది. సుక్కూరులో పనిచేసిన ఉపాయం ఇక్కడ సముద్రపు నీటికి పనికిరాదు. ఇసుక ఒండ్రును ఆపుతుంది కాని, నీటిలో కరిగిపోయిన ఉప్పును ఆపలేదు. అందుచేత ఈయన ఉప్పును తొలగించే మార్గం కాక, ఉప్పు కలవని నీటిని వెదికే మార్గం పట్టాడు. ఉత్తరాన ఉన్న కొండలలో కురిసిన వాననీరు లహేజ్ వైపు ప్రవహించి ఇసుకలో ఇంకిపోతుంది. ఏడెన్‌కు సుమారు 18 మైళ్ళ దూరంలో ఆ నది గర్భంలో బావులు తవ్వి, ఊటనీటిని పట్టణానికి తరలించాలని సూచించాడు.

హైదరాబాదు, మైసూరు

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాదులో వేలాదిమంది ప్రాణాలను బలిగొంది. నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై 1909లో విశ్వేశ్వరయ్య నగరానికి వచ్చి, ఎగువన జలాశయాలు నిర్మించి వరదను అక్కడే నిలపాలని సూచించాడు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి తలపెట్టిన ఈ జలాశయాలు నగరానికి మంచినీటి ఆధారాలు కూడా అయ్యాయి.

1909లోనే మైసూరు సంస్థానపు చీఫ్ ఇంజనీరు పదవి చేపట్టి, కావేరి మీద కృష్ణరాజసాగర్ నిర్మాణానికి కారకుడయ్యాడు. 1912 నుండి 1918 వరకు దివానుగా ఉన్నాడు. మైసూరు బ్యాంకు (1913), మైసూరు విశ్వవిద్యాలయం (1916) ఈయన హయాంలోనే ఏర్పడ్డాయి.

జన్మస్థల ప్రాంతంలో నీటి పరిస్థితి

ముద్దేనహళ్ళి ఉన్న పీఠభూమి తూర్పున మదనపల్లె, పుంగనూరు, కుప్పం వరకు సాగుతుంది. ఇది గట్టి రాతినేల. జీవనదులు లేవు. నందికొండల ప్రాంతంలో పుట్టిన పాలారు కుప్పం ప్రాంతం గుండా తమిళనాడులోకి వెళుతుంది కాని, ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపిస్తుంది. ఇక్కడి ప్రజలు పూర్వం చెరువులు, బావులు, చెలమల మీద ఆధారపడేవారు. చెరువులు నిండక, లోతైన బోర్ల మీద ఆధారపడడం పెరిగాక, రాళ్ళ నుండి కరిగిన లవణాలు, కొన్నిచోట్ల ఫ్లోరైడు కలిసిన నీరు సమస్యగా మారింది. ఏడెన్‌లో సముద్రం వల్ల వచ్చిన చిక్కు, సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న ఈ ఊళ్ళకు భూగర్భం నుండి వచ్చింది.

దీనికి రెండు మార్గాలున్నాయి. మొదటిది విశ్వేశ్వరయ్య పద్ధతి, అంటే దూరం నుండి మంచినీటిని తేవడం. శ్రీశైలం జలాశయపు నీటిని ఎత్తిపోసే హంద్రీ-నీవా పథకంలో పుంగనూరు, కుప్పం బ్రాంచి కాలువలు ఇటువంటివే. రెండవది నీటిలోని ఉప్పును తీసివేయడం. ఇప్పుడు ఊరూరా కనిపించే నీటిశుద్ధి యంత్రాలు రివర్స్ ఆస్మాసిస్ పద్ధతిలో ఒత్తిడితో నీటిని పొర గుండా నెడతాయి. కొంత నీరు ఉప్పు మరింత చిక్కబడి వ్యర్థంగా మిగులుతుంది.

ఏడెన్ యంత్రాల మాదిరిగా ఆవిరి మీద ఆధారపడినదే పొర స్వేదనం. 1960వ దశకంలో మొదలైన ఈ పద్ధతిలో తామరాకు వలె నీటిని అంటించుకోని ప్లాస్టిక్ పదార్థంతో చేసిన సన్నని బోలు పోగులను వాడతారు. పోగు గోడకు ఒకవైపు వేడి ఉప్పునీరు, రెండవవైపు చల్లదనం ఉంటాయి. గోడలోని సూక్ష్మ రంధ్రాలలోకి నీరు చొరబడలేదు, ఆవిరి మాత్రం దాటి అవతల చల్లబడి మంచినీరవుతుంది. ఉప్పు వెనుకనే ఉండిపోతుంది. నీటిని మరిగించనవసరం లేదు, 50 నుండి 80 డిగ్రీల సెంటీగ్రేడు వేడి చాలు. అందువల్ల సూర్యరశ్మిని, కర్మాగారాలలో వృథాగా పోయే వేడిని వాడుకోవచ్చు. నూనె, సబ్బు వంటివి నీటిలో ఉంటే రంధ్రాలు తడిసి ఉప్పునీరు కూడా దాటడం దీనిలోని ముఖ్య లోపం. వేడి ఉచితంగా దొరకనిచోట ఖర్చు కూడా ఎక్కువే. 1906లో ఏడెన్‌లో ఎదురైన ఇంధనం ఖర్చు సమస్య ఈ విధంగా ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

గౌరవాలు, మరణం

బ్రిటిషు ప్రభుత్వం 1915లో సర్ బిరుదు ఇచ్చింది. 1955లో భారత ప్రభుత్వం భారతరత్నతో సత్కరించింది. 1960లో ఈయన శతజయంతి సందర్భంగా తపాలా బిళ్ళ విడుదలైంది. 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో మరణించాడు. ఈయన జన్మదినమైన సెప్టెంబరు 15ను భారతదేశంలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటారు.