ఎడిసను మహాశయుడు – మాటాడు యంత్రము

థామస్ ఆల్వా ఎడిసను 1847వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన అమెరికా దేశమునందలి ఒహాయో రాష్ట్రమున మిలాన్ అను చిన్న పట్టణమున జన్మించెను. బడిలో చదివినది కొలది నెలలు మాత్రమే. తల్లియే గురువై చదువు చెప్పెను. పండ్రెండవ యేట రైలుబండిలో పత్రికలును మిఠాయిలును అమ్ముకొనుచు, డెట్రాయిటు నగరమున తిరుగుబండికై వేచియుండు గంటలను అచ్చటి గ్రంథాలయమున గడపెడివాడు. బాల్యముననే వినికిడి తగ్గెను. వయసుతోపాటు చెవుడు ముదిరెను. అట్టివాడు లోకమునకు శబ్దమును దాచిపెట్టు యంత్రము నొసగుట దైవలీల యనవలెను.

1877వ సంవత్సరాంతమున మెన్లో పార్కు కర్మశాలలో ఆ యంత్రము పుట్టెను. గాడి చెక్కిన గొట్టముపై తగరపు రేకు చుట్టి, దానిని త్రిప్పుచు పలుచని బిళ్ల యెదుట మాటాడినచో, బిళ్ల కంపింపగా దానికంటిన ములుకు రేకుపై నొక్కులు పెట్టును. మరల ఆ నొక్కులపై ములుకు నడచినచో మాట తిరిగి వినవచ్చును. ఎడిసను తొలుత పలికినది పసిపిల్లల పాట. అది తిరిగి వినిపింపగా దానిని నిర్మించిన పనివారే విభ్రాంతులైరి. పిదప విద్యుద్దీపము పనిలోబడి ఎడిసను ఈ యంత్రమును పదియేండ్లు పట్టించుకొనడాయెను.

ఇంతలో 1887లో ఎమిలీ బెర్లినరు చదునైన ప్లేటును కనిపెట్టెను. దానియందు ములుకు ప్రక్కలకు ఊగును. ఎడిసను పద్ధతియందు పైకిని క్రిందికిని ఆడును. మన పల్లెలలో పెండ్లిండ్లకు మ్రోగిన గ్రామఫోను ప్లేట్లు బెర్లినరు మార్గమునకు చెందినవే. ఎడిసనుకు ఆ మార్గము నచ్చలేదు. 1912లో పావంగుళము దళసరి గల తన సొంత ప్లేటును, వజ్రపు ములుకుతో నడచు యంత్రమును వెలువరించెను. ఇతర యంత్రములపై అది సరిగా పలుకదు. వెల యెక్కువయైనను, నాదము స్వచ్ఛమని వినినవారు మెచ్చుకొనిరి.

తన యంత్రము గాయకుని కంఠమును ఉన్నదున్నట్లు వినిపించునని ఎడిసను సంస్థ చాటెను. దానిని ఋజువు చేయుటకు 1915 మొదలు పదియేండ్లపాటు ఊరూర బహిరంగ పరీక్షలు జరిపించెను. సభలో గాయని యంత్రము ప్రక్కన నిలిచి ప్లేటుతో కలిసి పాడును, నడుమ నూరకుండును, ప్లేటు పాడుచునే యుండును. కొన్ని చోట్ల దీపములార్పి, వెలిగించు లోపల ఆమె వేదిక దిగిపోవుటయు కలదు. ఎవరి పాట ఎక్కడ ఆగెనో పోల్చుకొనజాలక జనులు ఆశ్చర్యపడిరి. అయినను ఆ పరీక్షలలో పేరుపొందిన ఆనా కేస్ అను గాయని, యంత్రపు ధ్వనికి సరిపడునట్లు తన గొంతునే తగ్గించి పాడితినని ముదిమియందు తెలిపెను. అట్లయిన యంత్రము గాయనికి సాటివచ్చెనా, గాయని యంత్రమునకు సాటివచ్చెనా యను ప్రశ్న మిగిలియేయున్నది.

అంతకంటె విచిత్రమైన సంగతి యొకటి కలదు. ఏ గాయకుని ప్లేటు అచ్చువేయవలెనో నిర్ణయించువాడు ఎడిసనే! చెవి వినబడనందున ఆయన పియానో కొయ్యను, యంత్రపు పెట్టెను పండ్లతో కరచిపట్టి, ఎముకలగుండ నాదమును గ్రహించెడివాడు. కంఠమునందలి కంపనము ఆయనకు పరమశత్రువు. రాగరంజకమని రసికులు మెచ్చు వణకు ఆయనకు దోషముగా తోచెడిది. బహుస్వరముల మేళవింపు రుచింపదు. పాతకాలపు సాదా పాటలే ప్రీతి. గాయకుల గుణదోషములను జమాఖర్చు వ్రాసినట్లు పుస్తకములలో వ్రాసి, పలువురిని త్రోసిపుచ్చెను. గాయకుని కీర్తికంటె యంత్రపు నాణ్యమే అమ్ముడుపోవలెనని ఆయన పట్టుదల. యథార్థధ్వనికి ప్రాణమిచ్చిన మహామేధావి, ఏ ధ్వని వినదగినదో తేల్చుటకు తన రుచినే తూకపురాయిగా పెట్టుట ఆశ్చర్యము. యంత్రమున కొలత వేరు, మనసున ఇష్టము వేరు; ఆ రెండింటిని ఆయన విడదీయలేదు.

జనులు మాత్రము విడదీసిరి. వారికి కెరూసో పాట కావలెను. అది విక్టరు సంస్థ ప్లేట్లపై దొరకెడిది. పియానో విద్వాంసుడు రఖ్మానినోవ్ 1919లో ఎడిసనుకు వాయించి, మరుసటి యేడే విక్టరు పక్షము చేరెను. నాణ్యము తక్కువయైనను మెచ్చినవాని పాటనే జనులు కొనిరి. 1925లో విక్టరు, కొలంబియా సంస్థలు విద్యుత్తుతో ధ్వనిముద్రణ ప్రారంభించినను, ఎడిసను సంస్థ 1927 వరకు ఆ దారి పట్టలేదు. రేడియో ధ్వని ఆయనకు వికృతముగా తోచెడిది. కుమారులు నచ్చజెప్పగా సంస్థ ఎట్టకేలకు మార్గము మార్చెను గాని, అప్పటికి కాలము మించిపోయెను. 1929 అక్టోబరులో ప్లేట్ల తయారీ నిలిచిపోయెను.

ఎడిసను 1931 అక్టోబరు 18వ తేదీన, ఎనుబదినాలుగవ యేట, వెస్ట్ ఆరెంజి పట్టణమునందలి స్వగృహమున కీర్తిశేషుడయ్యెను. ఆయన కర్మశాల నేడు అమెరికా ప్రభుత్వము సంరక్షణలోనున్నది. ఆ దళసరి ప్లేట్లును, ఆ గాయకుల స్వరములును అచ్చట భద్రముగా నున్నవి.